క్లింటన్ డేవిసన్ పండితుని చరిత్రము



మన మహాసభ జరుగునప్పుడెల్ల వెలువడు ఈ సంచికయందు పూర్వుల చరిత్రములను, విద్యాదాతల పుణ్యకార్యములను ప్రకటించుట ఆచారమై యున్నది. ఈ పర్యాయము ఒక మహనీయుని జీవితమును గూర్చి వ్రాయుడని నిర్వాహకులు మమ్ము గోరిరి. మేము మన కులమున బుట్టినవానిని గాక, మన దేశమున బుట్టినవానిని సయితము గాక, అమెరికాలో ఒక రంగులపనివాని యింట బుట్టిన పండితు నొకని నెన్నుకొంటిమి. ఇది కొందరికి వింతగా దోచవచ్చును. కాని యీయన చరిత్రమును కడవరకు చదివినచో, మన సభ యేటేట చర్చించు విషయమే యిందును గలదని తెలియగలదు. ధనము లేక చదువు మానిన బాలునకు వేళకు సాయము దొరికినచో నేమగును? తాను కన్నది తాను నమ్మినదానితో సరిపడనప్పుడు విద్వాంసు డేమి చేయవలెను? ఈ రెండు ప్రశ్నలకును డేవిసన్ పండితుని జీవితమే సమాధానము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇల్లినాయి రాష్ట్రమున బ్లూమింగ్టన్ అను పట్టణము గలదు. అచ్చట 1881వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన క్లింటన్ జోసఫ్ డేవిసన్ జన్మించెను. తండ్రి జోసఫ్ ఇండ్లకు రంగులు వేయుట, గోడలకు కాగితము లంటించుట జీవనముగా గలవాడు. తల్లి మేరీ కాల్వర్టు పాఠశాలలో ఉపాధ్యాయినిగా నుండినది. సంసారమునకు కలిమి లేకున్నను విద్యపై ఆదరము మెండు. డేవిసన్ ఉన్నత పాఠశాల చదువు ముగించునప్పటికి ఇరువది యేండ్లు నిండెను. ఆలస్యమైనను చదివినది గట్టిచదువు. గణితమునందును, భౌతికశాస్త్రమునందును గనబరచిన ప్రజ్ఞకు మెచ్చి విద్యార్థి వేతన మొసగగా, 1902లో షికాగో విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అచ్చట రాబర్టు మిల్లికన్ అను ఆచార్యుడు గురువుగా లభించెను. ఎలక్ట్రాను యొక్క విద్యుత్పరిమాణమును కొలిచి పిమ్మట నోబెల్ బహుమానము నందిన మిల్లికన్ ఈయనయే.

ఒక్క యేడు గడచెను. చేతనున్న పైకము వ్యయమై పోయెను. డేవిసన్ చదువు చాలించి, స్వగ్రామమునకు మరలి, అచ్చటి టెలిఫోను కంపెనీలో కొలువున జేరెను. ఇట్లు ఇల్లు చేరిన బాలురు ఎందరో తిరిగి పుస్తకము ముట్టకయే ముదుసలులగుట మన మెరిగినదే. కాని మిల్లికన్ శిష్యుని మరువలేదు. 1904 జనవరిలో ఆయన సిఫారసుపై పర్డ్యూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర శాఖలో సహాయకోద్యోగము లభించెను. ఆ యేడే డేవిసన్ షికాగోకు మరలి, 1905 ఆగష్టు వరకు చదువగలిగెను. పట్టము చేతికి రాకమునుపే మరల చదువు ఆగెను. రెండవమారును మిల్లికన్ సిఫారసు చేసెను. ఆ సెప్టెంబరులో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున బోధకోద్యోగము దొరకెను. అచ్చట పాఠములు చెప్పుచు, తాను పాఠములు వినుచు, వేసవి సెలవులలో షికాగోకు పోయి కొరత తీర్చుకొనుచు, 1908లో మొదటి పట్టమును సంపాదించెను. అప్పటికి ఇరువదియారేండ్లు దాటినవి. ప్రిన్స్‌టన్‌లో ఓవెన్ రిచర్డ్‌సన్ ఆచార్యునికడ పరిశోధన సల్పి 1911లో డాక్టరు పట్టము నొందెను. ఆ సంవత్సరముననే గురువుగారి సోదరి షార్లెట్‌ను వివాహమాడెను.

తరువాత ఆరు సంవత్సరములు పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ సాంకేతిక విద్యాలయములో బోధకుడుగా నుండెను. 1913 వేసవిలో మాత్రము ఇంగ్లండునకు పోయి, కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలయందు జె.జె. థామ్సన్ పండితునికడ కొలదికాలము పనిచేసెను. 1917లో అమెరికా యుద్ధమున బ్రవేశించినప్పుడు డేవిసన్ సేనలో జేర యత్నించెను గాని ఆయనను తీసికొనలేదు. అందుచే న్యూయార్కులో వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలయందు కొలువున గుదిరెను. ఇదియే పిమ్మట బెల్ టెలిఫోను ప్రయోగశాలయని ప్రసిద్ధి కెక్కినది. యుద్ధము ముగిసినపిదప కార్నెగీ విద్యాలయమున పెద్దపదవి సిద్ధముగా నున్నను, దానిని వదలుకొని పరిశోధనమునే కోరి ప్రయోగశాలలో నిలిచిపోయెను.

ఆ కాలమున టెలిఫోను మాటలను దూరప్రాంతములకు అందజేయుటకు గాలి తీసివేసిన గాజునాళములను వాడుచుండిరి. వానిలో కాగిన తీగనుండి ఎలక్ట్రాను లను సూక్ష్మ విద్యుత్కణములు వెలువడి లోహపు పలకను దాకును. దాకినచోట నేమి జరుగునో తెలిసికొనుట కంపెనీకి ఆవశ్యకమయ్యెను. డేవిసన్ పండితుడు కన్స్‌మన్ అను సహాయునితో గూడి నికెలు పలకపై ఎలక్ట్రానులను బ్రయోగించి చూడగా, వానిలో కొన్ని తమ శక్తిని గోల్పోకయే, గోడకు గొట్టిన బంతివలె వెనుకకు మరలుచుండుట 1921 ప్రాంతమున గనబడెను. అట్లు మరలిన కణములు ఏయే దిక్కుల కెన్నెన్ని పోవుచున్నవో లెక్కించినచో పరమాణువు లోపలి యమరిక తెలియునని ఆయన తలంచెను. రెండు మూడేండ్లు శ్రమపడినను విశేషఫలము గలుగలేదు. కన్స్‌మన్ వేరొకచోటికి పోయెను. పిమ్మట లెస్టర్ జెర్మర్ అను యువకుడు తోడుకాగా పని మరల సాగెను.

1925 ఫిబ్రవరి 5వ తేదీన ఆ ప్రయోగశాలలో ఒక యుపద్రవము సంభవించెను. ద్రవవాయువు నింపిన సీసా పగిలి, దాని యురవడికి ప్రయోగనాళమును పగిలెను. కాగియున్న నికెలు పలకపై బయటిగాలి పడుటచే ఆమ్లజని పట్టి పలక చెడెను. వారు దానిని పారవేయలేదు. ఉదజని వాయువులోను, శూన్యములోను చిరకాలము కాచి మలినమును పోగొట్టి, నాళము నతికించి, పని కొనసాగించిరి. కొన్ని మాసములకు లెక్కలు పూర్వముకన్న పూర్తిగా వేరుగా వచ్చెను. ఎలక్ట్రానులు కొన్ని దిక్కులకే గుంపులుగూడి పోవుచుండెను. కారణ మరయుటకై నాళమును గోసి పలకను పరీక్షింపగా రహస్యము బయటపడెను. మునుపు లెక్కకు మిక్కిలియైన సూక్ష్మస్ఫటికములతో గూడియున్న పలక, చిరకాలము కాగుటచే కొలదిపాటి పెద్దస్ఫటికములుగా మారియుండెను. స్ఫటికమునందు పరమాణువులు వరుసదీర్చి నాటిన కొబ్బరితోటవలె నుండును. అట్టి తోటకు ముందు నిలిచినవానికి కొన్ని దిక్కులనే బాటలు దెరచినట్లు గనబడును గదా. ఎలక్ట్రానుల దారులను శాసించునది పరమాణువు లోపలి నిర్మాణము గాదు, పరమాణువుల వరుసయే యని యప్పుడు తేలెను.

తర్కశాస్త్రము చదివినవారు దీనిని కాకతాళీయ మందురు. కాకి వ్రాలుటయు, తాటిపండు రాలుటయు నొక్కసారి జరిగినట్లు, సీసా పగులుటయు, సత్యము బయల్పడుటయు గూడివచ్చినవి. కాని మేమొక్కమాట మనవి చేయుచున్నాము. సీసాలు పగులుట లోకమున క్రొత్తగాదు. పగిలిన నాళమును పారవేసి వేరొకటి చేయించుకొనుట సులభము. మారిన లెక్కను యంత్రదోషమని త్రోసిపుచ్చుట మరింత సులభము. పండు రాలుట దైవికమే. దాని నేరి, కోసి, లోపలి గింజను జూచుట మాత్రము పురుషప్రయత్నము.

1926 వేసవిలో డేవిసన్ దంపతులు ఇంగ్లండునకు విహారార్థము పోయిరి. ఆక్స్‌ఫర్డులో జరిగిన బ్రిటిషు విజ్ఞానసభలో జర్మను పండితుడు మాక్స్ బార్న్ ఉపన్యసించుచుండగా డేవిసన్ శ్రోతలలో గూర్చుండెను. రెండేండ్లకు ముందు ఫ్రాన్సున ద బ్రోయీ అను యువపండితుడు ఎలక్ట్రానుల వంటి కణములకును తరంగస్వభావము గలదని సిద్ధాంతము చేసియుండెను. ఆ సిద్ధాంతమునకు సాక్ష్యముగా బార్న్ చూపినవానిలో, డేవిసన్, కన్స్‌మన్ మున్ను ప్రకటించిన లెక్కలే యుండెను. తన పనికి ఇట్టి యర్థము గలదని డేవిసన్ అంతకుమునుపు తలంచియుండలేదు. మరలివచ్చునప్పుడు ఓడలో ష్రోడింగరు పండితుని తరంగశాస్త్ర వ్యాసములను చదువుచు గడపెను. న్యూయార్కు చేరినపిదప ఏకస్ఫటికమైన నికెలుపై ఆయనయు, జెర్మరును బుద్ధిపూర్వకముగా తరంగచిహ్నములను వెదకిరి. 1927 జనవరిలో అవి కనబడెను. 54 వోల్టుల బలముతో బంపిన ఎలక్ట్రానులు 50 డిగ్రీల కోణమున గుంపుగూడెను. ఆ కోణమును బట్టి తరంగదైర్ఘ్యము 1.65 ఆంగ్‌స్ట్రాములని తేలెను. ద బ్రోయీ సూత్రము ప్రకారము 1.67 ఉండవలెను. ఆంగ్‌స్ట్రా మనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతు. అంతటి సూక్ష్మతలో అంతటి సామ్యము!

శబ్దము వీచీతరంగ న్యాయమున వ్యాపించునని మన తార్కికులు చెప్పియున్నారు. నీటిలో నొక యల వేరొక యలను పుట్టించునట్లు శబ్దమునుండి శబ్దము పుట్టునని వారి యాశయము. ఎలక్ట్రానుల సంగతి వా రెరుగుదురని మేము చెప్పము. అట్లు చెప్పుట వారికిని, సత్యమునకును అపచారము. కాని స్ఫటికములో నేమి జరుగునో ఊహించుటకు ఆ దృష్టాంతము పాఠకులకు ఉపకరించును. వచ్చిన తరంగము ప్రతి పరమాణువును దాకి చిన్న యలలను లేపును. ఆ యలలు కొన్ని దిక్కుల నొకదానికొకటి తోడై బలపడును, కొన్ని దిక్కుల నొకదాని నొకటి యణచును. దీనికే వివర్తన మని పేరు. బలపడిన దిక్కులను, ఆ బలముల తారతమ్యమును బట్టి పరమాణువుల స్థానములను గణింపవచ్చును. ఎక్స్-కిరణములతో ఈ పని 1912 నుండి జరుగుచునే యున్నది.

ఇచ్చటనే చరిత్రమునకు మూలమైన ఘట్టము వచ్చుచున్నది. డేవిసన్ పండితుని లెక్క యంతయు సరిపడలేదు. పలక మీది వరుసలను బట్టి కట్టిన కోణము సరిపడినది. కాని లోపలి పొరలను బట్టి, యే వోల్టుకు గుంపు బలపడవలెనో ఎక్స్-కిరణముల సూత్రము చెప్పునట్టి చోట్ల గుంపులు బలపడలేదు. పొరల మధ్య దూరము పదింట ఏడువంతులకు తగ్గినదని భావించినచో గాని కుదురలేదు. అట్లు తగ్గుటకు కారణము గానరాదు. ఆ వైషమ్యమును దాచియుండినచో విజయము మరింత నిండుగా గనబడెడిది. వారు దాచలేదు. 1927 ఏప్రిల్‌లో ప్రకటించిన లేఖయందును, డిసెంబరులో ప్రకటించిన పెద్దవ్యాసమునందును, సరిపడినదానితోపాటు సరిపడనిదానిని సయితము లోకమునకు వెల్లడించిరి.

ఇది చదివినప్పుడు మాకు మా యపరాధ మొకటి జ్ఞప్తికి వచ్చినది. మేము సంస్కృతము చెప్పువారమైనను, పల్లెబడిలో విజ్ఞానోపాధ్యాయుడు లేని యేడు ఆ పాఠమును మేమే చెప్పితిమి. ఒక బాలుడు మరుగునీటిలో ఉష్ణమాపకము ముంచి 98 అని వ్రాసెను. పుస్తకములో 100 అని యున్నది. మేము దానిని గొట్టివేసి 100 వ్రాయించితిమి. ఉష్ణమాపకము తప్పో, నీటి గుణమో, గాలి యొత్తిడియో విచారింపనైతిమి. ఆ బాలుడు ఆ యేడు మరల మమ్ము నేమియు నడుగలేదు. డేవిసన్ పండితుడు తన పుస్తకమున 98ని 98గానే వ్రాసినవాడు.

ఆ సత్యసంధతకు ఫలము శీఘ్రముగనే గలిగెను. 1928లో మ్యూనిక్ నగరమున సోమర్‌ఫెల్డు ఆచార్యుని శిష్యుడు హాన్స్ బేథె, ఇరువదిరెండేండ్లవాడు, ఆ లెక్కలనే పట్టుకొని చిక్కు విప్పెను. పొరలు దగ్గరపడలేదు. ఎలక్ట్రాను స్ఫటికములో బ్రవేశించినంతనే అచ్చటి విద్యుదాకర్షణచే వేగము హెచ్చి, తరంగదైర్ఘ్యము తగ్గును. నీటిలో వెలుగు వంగినట్టిదే యిదియు. అంతటితో బేథె యాగలేదు. ఎలక్ట్రాను విద్యుత్కణము గావున పరమాణువులు దానిని మిక్కిలి గట్టిగా పట్టి త్రిప్పును. ఎక్స్-కిరణము ప్రాయికముగా నొక్కసారి మరలి బయటపడును; ఎలక్ట్రాను తరంగము ఒక పరమాణువున మరలి, వేరొకదానిని దాకి, మరల మరలి, యిట్లు బహుపరిక్షేపము నొందును. ఆ తరంగముల నన్నింటిని గూర్చి గణించు మార్గమును బేథె చూపెను.

దీనివలన గలిగిన కష్ట మెట్టిదో యొక యుపమానముతో చెప్పెదము. బయలులో ఘంట మ్రోగినచో అది యెచ్చట నున్నదో చెవితోనే తెలియును. వేయిస్తంభముల మండపములో మ్రోగినచో ప్రతి స్తంభమునుండి ప్రతిధ్వని, ఆ ప్రతిధ్వనికి మరల ప్రతిధ్వని పుట్టి, ఘంట స్థానము గాని, స్తంభముల స్థానము గాని తెలియదు. మరి తెలిసికొనుట యెట్లు? స్తంభము లిచ్చట నిచ్చట నున్నవని యూహించి, అట్లున్నచో ఎట్టి నాదము వినబడవలెనో ప్రతిధ్వనుల నన్నింటిని గలిపి గణించి, విన్న నాదముతో పోల్చవలెను. కుదురకున్నచో స్తంభమును కొంచెము జరిపి మరల గణింపవలెను. పరమాణువుల యమరికను ఎలక్ట్రానులతో నిర్ణయించుట ఇట్టిదే. చేతితో అసాధ్యమైన ఈ గణితము గణనయంత్రములు వచ్చువరకు వేచియుండవలసి వచ్చెను.

డేవిసన్ పండితుని కీర్తి మాత్రము వేచియుండలేదు. డేవిసన్ కనుగొనిన యేటనే స్కాట్లండులోని అబర్‌డీను నగరమున జి.పి. థామ్సన్, పలుచని పొరలగుండ వేగవంతములైన ఎలక్ట్రానులను బంపి వివర్తన వలయములను జూచియుండెను. 1937లో ఇరువురకును గలిపి భౌతికశాస్త్ర నోబెల్ బహుమాన మిచ్చిరి. ఈ థామ్సన్, కావెండిష్ ప్రయోగశాలలో డేవిసన్‌కు గురుస్థానమందుండిన జె.జె. థామ్సన్ కుమారుడు. ఎలక్ట్రాను కణమని తండ్రి చూపెను, తరంగమని కుమారుడు చూపెను, రెండును నిజమయ్యెను. డేవిసన్ 1946లో ప్రయోగశాలనుండి విశ్రాంతి గైకొని, వర్జీనియా విశ్వవిద్యాలయమున 1954 వరకు అధ్యాపనము సల్పి, 1958 ఫిబ్రవరి 1వ తేదీన షార్లట్స్‌విల్ పట్టణమున 76వ యేట పరమపదించెను.

ఆయన మరణించినను ఆయన విడిచిన ప్రశ్న జీవించియుండెను. సహచరుడు జెర్మర్ 1960 ప్రాంతమున మందవేగపు ఎలక్ట్రానుల ప్రయోగమును క్రొత్త పరికరములతో మరల నెత్తుకొనెను. 1970 తరువాత గణనయంత్రముల సాయమున బహుపరిక్షేప గణితము సాధ్యపడగా, నికెలు మీద నిలిచిన గంధకము, ఆమ్లజని మొదలగువాని పరమాణువులు పై పొరకు ఎంత దూరమున నున్నవో నిర్ణయించిరి. 1925లో పలకను జెరచిన శత్రువు ఆమ్లజనియే గదా! నాడు కాచి పోగొట్టవలసిన మలినము నేడు స్థానముతోసహా లెక్కకు వచ్చినది.

వేగవంతములైన ఎలక్ట్రానులతోను ఇట్టి కార్యమే జరిగినది. ఎక్స్-కిరణములకు చాలనంతటి యతిసూక్ష్మస్ఫటికములకు ఎలక్ట్రానులే గతి. 1957లో ఆస్ట్రేలియాలో కౌలీ, మూడీ అను పండితులు స్ఫటికమును పలుచని పొరలుగా భావించి, తరంగమును పొరపొరకు గడపుచు గణించు పద్ధతిని గల్పించిరి. 1994లో ఇంగ్లండున బ్రిస్టల్ నగరమున విన్సెంటు, మిడ్జ్‌లీ అనువారు ఎలక్ట్రాను కిరణమును తూలుచు దిరుగు బొంగరమువలె వంచి త్రిప్పి, బహుపరిక్షేప దోషమును చాలవరకు తగ్గించిరి. 2017లో ప్రాగు నగరపు పండితులు ఆ పరిక్షేపమును తొలగించుటకు మారుగా గణితములో జేర్చుకొని, సూక్ష్మస్ఫటికములలో అన్నింటికన్న తేలికయగు ఉదజని పరమాణువుల స్థానములను సయితము కనిపెట్టిరి. దోషమని తలంచినది సాక్ష్యమయ్యెను.

విద్యాదాతలారా! ఈ చరిత్రము నంతటిని వెనుకకు ద్రిప్పి చూచినచో మొదట గనబడునది నోబెల్ బహుమానము గాదు. టెలిఫోను కంపెనీలో కొలువుచేయు నొక బీదయువకుడును, అతనికొరకు రెండుమారులు సిఫారసు చేసిన యొక గురువును గనబడుదురు. ఆ సిఫారసు లేకున్నచో ఆ యువకుడు టెలిఫోను కొలువుననే యుండిపోయెడివాడేమో. చదువు మధ్యలో మానినవానిని మరల పిలుచుట, క్రొత్తవాని నొకని జేర్చుటకన్న తక్కువ పుణ్యము గాదని మా నమ్మకము. మన విద్యార్థి వేతననిధి పరీక్షలో మొదట నిలిచినవారినే గాక, ఇల్లు చేరినవారిని సయితము పేరుపేరున వెదకవలెనని ప్రార్థించుచున్నాము.

ఉపాధ్యాయ సోదరులారా! మీ బాలుడు 98 అని వ్రాసినచో కొట్టివేయకుడు. ఏల 98 వచ్చెనో వానితో గూర్చుండి విచారింపుడు. మాకు ఆ పని చేయు వయస్సు దాటిపోయినది. మీకు దాటలేదు.